ప్రదర్శన విద్యకు పరీక్ష, ఉత్సవానికి అలంకారం కాదు

ప్రతి సంవత్సరం వార్షికోత్సవం ముగిసిన మరునాటి ఉదయం మన కళాశాల సభామందిరంలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఒక ప్రక్క షామియానా విప్పుతుంటారు. మరొక ప్రక్క అద్దె కుర్చీలు లెక్కిస్తుంటారు. గోడలకు తగిలించిన చిత్రపటాలను ఎవరో చుట్టచుట్టి బీరువాపైకి విసరుతారు. ముఖ్య అతిథిగారు ఎంతసేపు ప్రసంగించినదీ అందరికీ జ్ఞాపకమే. ఆ పటాలను గీసిన విద్యార్థి పేరు మాత్రం ఎవరికీ జ్ఞాపకం ఉండదు. మరుసటి యేడు ఆ చుట్టలను విప్పి చూస్తే సగం చెదలకు ఆహారమై ఉంటాయి. ఈ దృశ్యాన్ని ఏటేటా చూచిన వాడను గనుక, ఈ సంచికలో విద్యార్థి మిత్రులకూ, పాలకవర్గంలోని పెద్దలకూ ఒక మనవి చేసుకొనదలచినాను.

విద్యార్థుల కళాప్రదర్శన ఒక సాయంకాలపు వినోదమనే భావం మన మనస్సులలో నాటుకొనిపోయింది. వ్రాతపరీక్షలో తప్పు దొరికితే గురువు ఎఱ్ఱసిరాతో గీత గీస్తాడు. ప్రయోగశాలలో తప్పు జరిగితే ఫలితమే చెబుతుంది. చిత్రం గీసిన వానికి, నాటకమాడిన వానికి, గజల్ చదివిన వానికి తన తప్పొప్పులు చెప్పగలిగినది ఎదుట నిలిచిన చూపరి ఒక్కడే. అందుచేత ప్రదర్శనమే కళకు పరీక్ష. పరీక్ష పెట్టని చదువు ఎట్టిదో, శ్రద్ధగా చూచే వారు లేని కళాభ్యాసమూ అట్టిదే.

ఈ మాట మన రెండు భాషలకూ క్రొత్త కాదు. ముషాయిరాలో కవి ఒక పాదం చదివి ఆగుతాడు. శ్రోతలు "వాహ్వా" అంటే దానిని మరల చదువుతాడు. అనకపోతే ఆ మౌనమే అతనికి తీర్పు. అవధానంలో పృచ్ఛకులు చుట్టూ కూర్చుండి నిషిద్ధాక్షరులతో, సమస్యలతో, అప్రస్తుత ప్రసంగాలతో అవధానిని నిలవేస్తారు. ఉర్దూ సభలోని దాదూ, తెలుగు సభలోని ప్రశ్నా పుట్టినది ఒకే నమ్మకం నుండి: కళకు తెలిసిన శ్రోత కావాలి. మన వార్షికోత్సవంలో అతిథులున్నారు, పూలమాలలున్నాయి, జ్ఞాపికలున్నాయి. లేనివాడు పృచ్ఛకుడు ఒక్కడే.

ఈ నేలపై ఈ రెండు భాషల కళలు ఒకరి సభలో ఒకరు ఆదరం పొందినవే. ఇబ్రహీం కుతుబ్ షా (పాలన 1550–1580)ను తెలుగు కవులు "మల్కిభరాముడు" అని ప్రేమతో పిలుచుకొన్నారు. మనకు అట్టే దూరం కాని పటాన్‌చెరువులో ఉండిన అమీన్ ఖానుకు పొన్నిగంటి తెలగనార్యుడు తన అచ్చతెలుగు కావ్యం "యయాతి చరిత్ర"ను అంకితమిచ్చాడు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కూచిపూడి భాగవతుల ఆట చూచి మెచ్చి, ఆ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడి వారి సంప్రదాయం చెబుతున్నది. చూచినవాడు చూపుతో సరిపెట్టుకొనక, ఆ కళ నిలుచుటకు నేల చూపించినాడు. ఉర్దూ తెలుగు విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాల ఈ వారసత్వాన్ని ఉపన్యాసాలలో తలచుకొంటే చాలునా?

మన ప్రగతి నగర్ ఉన్న చోటును ఒకసారి ఆలోచించండి. అంబీర్ చెరువు గట్టు నుండి కొంత దూరం సాగితే కూకట్‌పల్లి, అక్కడ జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం. మరికొంత దూరం పోతే మాదాపూరు, హైటెక్ సిటీ, గచ్చిబౌలి. ఇక్కడి తల్లిదండ్రులలో అనేకులకు బిడ్డల చదువు అనగానే మొదట గుర్తుకు వచ్చేది ఆ మార్గమే. అది తప్పు కాదు. అయితే, ఆ సాంకేతిక విశ్వవిద్యాలయం 1972లో ఏర్పడినప్పుడు ఇంజనీరింగు కళాశాలలతో పాటు హైదరాబాదులోని ప్రభుత్వ లలితకళల, వాస్తుశిల్ప కళాశాల కూడా అందులో చేరిందని మనలో ఎందరికి తెలుసు? 2008లో వాస్తు, లలితకళలకు వేరుగా విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు, 36 సంవత్సరాలు, యంత్రాలు నేర్చేవారూ రంగులు కలిపేవారూ ఒకే విశ్వవిద్యాలయపు పట్టాలు పుచ్చుకొన్నారు. ఆ నాటి పెద్దలకు ఈ రెండు విద్యల నడుమ వైరం కనిపించలేదు.

ఆ లలితకళల కళాశాలలో చదివి బయటికి వచ్చినవారే కె. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం. మెదకు సీమలోని నిజాంపూరు ఒకరిది, కరీంనగర్ సీమలోని బూరుగుపల్లి మరొకరిది. ఇద్దరూ హైదరాబాదులో చదివి, బరోడాకు పోయి కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద నేర్చినవారే. తమ ఊరి మనుషులను, తమ ఊరి రంగులను వారు లోకానికి చూపించారు. వైకుంఠం చిన్ననాట ఊరికి వచ్చే నాటక బృందాలలో స్త్రీపాత్రలు ధరించే పురుషులను చూచి అబ్బురపడేవారట. ఆ బృందానికి ఊరిలో చోటు దొరకకపోయినట్లయితే, బొట్టూ పట్టుచీరల తెలంగాణ స్త్రీమూర్తులు ఆయన కుంచెకు అంత తేలికగా చిక్కేవా? ఒక ప్రదర్శన ఎవరి కంట ఏ విత్తనం నాటుతుందో ప్రదర్శించినవారికే తెలియదు.

లక్ష్మాగౌడ్ తరువాతి కాలంలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు పాఠశాలలో బోధించారు. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం తొలి అడుగులు వేసినది అబిడ్స్‌లో సరోజినీదేవి నివసించిన "గోల్డెన్ త్రెషోల్డ్" భవనంలో. నృత్యం, రంగస్థలం, చిత్రకళలకు ఆమె పేరిట 1988లో పాఠశాల వెలసింది. అక్కడ చిత్రకళ విద్యార్థి చివరి సంవత్సరపు పనిని గోడపై నిలిపి చూపాలి. రంగస్థల విద్యార్థి నాటకాన్ని ప్రేక్షకుల ముందు ఆడించాలి. అది చదువులో భాగమే. అక్కడి విద్యార్థుల వార్షిక ఉత్సవానికి "సుకూన్" అని పేరు. నెమ్మది అనే అర్థమిచ్చే ఈ ఉర్దూ మాటను భిన్నభాషల విద్యార్థులు తమ పండుగకు పెట్టుకొన్నారు. ఆ విశ్వవిద్యాలయానికి సమీపంలో, లింగంపల్లి వైపు, సురభి నాటక కుటుంబాల కాలనీ ఉన్నది. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో "కీచకవధ"తో మొదలైన ఆ నాటక పరంపర ఈ సాంకేతిక నగరపు అంచునే నివసిస్తున్నది. ఇంత దగ్గర ఉండి, మన విద్యార్థులలో ఎందరు వారి తెరలు లేచుట చూచినారు?

ఇక ఆక్షేపణలు. మొదటిది: "మార్కులు తగ్గుతాయి, ఉద్యోగాలు దూరమవుతాయి." నాటకం ఒకటి ఆడాలంటే నెలరోజులు వేళకు రావాలి, పదిమందితో సర్దుకోవాలి, తప్పును తప్పని ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తరువాత ఇవి చేతకాక తడబడేవారు తక్కువా? రెండవది: కొందరు తల్లిదండ్రులు, విశేషించి కుమార్తెల విషయంలో, వేదిక అంటే వెనుదీస్తారు. ఆ సంకోచాన్ని మనం పరిహసించరాదు. బలవంతం అసలే కూడదు. అయితే ప్రదర్శన అంటే వేదిక ఒక్కటే కాదు. ఖత్తాతీ ఉన్నది, తెలుగు అక్షరచిత్రణ ఉన్నది, కుట్టుపని ఉన్నది, ఛాయాచిత్రం ఉన్నది, నాటక రచన, తెరలు, వెలుతురు ఉన్నాయి. ముఖం చూపనక్కరలేకుండా పేరు నిలబెట్టుకొనే మార్గాలు ఎన్నో. మా అమ్మాయి ఏమి చేసిందో అని గోడ ముందు నిలిచే తల్లి కంటికి మించిన బహుమానం ఏమున్నది? మూడవది డబ్బు. దీనికి జవాబు మన లెక్కలలోనే ఉన్నది. షామియానాకు, శాలువలకు, విందుకు అయ్యే వ్యయంలో ఒక భాగం చాలు.

కనుక పాలకవర్గం వారికి నా విన్నపాలు ఇవి. ఒక గదిని, చిన్నదైనా సరే, ప్రదర్శనకే కేటాయించండి. ఒక సాయంకాలం బదులు ఒక వారం తెరచి ఉంచండి. ప్రతి పని క్రింద విద్యార్థి పేరూ, అతడు చెప్పదలచిన నాలుగు మాటలూ ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాయించండి. ఉర్దూ విద్యార్థి మాటను తెలుగు విద్యార్థి, తెలుగు విద్యార్థి మాటను ఉర్దూ విద్యార్థి అనువదించాలి. ఏటా ఒక్కసారైనా ఒకరి మాటను మరొకరు చేతితో వ్రాయాలి. ఉపన్యసించే అతిథికి బదులు ప్రశ్నించే అతిథిని పిలవండి: ఒక చిత్రకారుని, ఒక కాతిబును, ఒక రంగస్థల కార్యకర్తను. చుట్టుప్రక్కల వీధులవారికి, కూరగాయల అంగడి వారికి కూడా తలుపు తెరవండి. మొగమాటమెరుగని ప్రశ్నలు వచ్చేది వారినుండే. చివరగా ఒక దస్త్రం పెట్టండి. అందులో ప్రతి సంవత్సరపు పనుల ఛాయాచిత్రాలు, చేసినవారి పేర్లు భద్రంగా ఉండాలి. పాతికేళ్ల తరువాత ఒక పూర్వవిద్యార్థి తన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి ఆ పుటను తిప్పి చూపగలగాలి.

విద్యార్థి మిత్రులారా, మీ బాధ్యతా కొంత ఉన్నది. సినిమా పాటకు అడుగులు వేసి చప్పట్లు అందుకోవడం సులభం, చప్పట్లు రాని చోట నిలిచి "ఎందుకు నచ్చలేదు?" అని అడగడం కష్టం. ఆ కష్టానికి సిద్ధపడిననాడే మీరు గదిని కోరుటకు అర్హులు. మీ స్నేహితుని పని ముందు తలవూపి పోవద్దు. ఒక నిమిషం నిలవండి, ఒక ప్రశ్న అడగండి.

బీరువాపైని ఆ చుట్టలలో ఈ యేటివీ కొన్ని ఉన్నాయి. వాటికి ఇంకా చెదలు పట్టలేదు. వచ్చే వార్షికోత్సవం వరకు ఆగనక్కరలేదు; వాటిని దించి, దుమ్ము దులిపి, ఒక గోడకు తగిలిస్తే మొదటి ప్రదర్శన ఆనాడే ప్రారంభమవుతుంది.