నిల్వలు తగ్గినవి — భారం ఎవరిపై?



2022 ఆగస్టు 15న మన ఆగ్నేయ మధ్య రైల్వే కోర్బా నుండి రాజ్‌నంద్‌గావ్‌కు ‘సూపర్ వాసుకి’ అను బొగ్గు బండిని నడిపినది. ఐదు గూడ్సు బండ్లను ఒకటిగా కలిపి, 6 ఇంజన్లు, 295 వ్యాగన్లు, 27,000 టన్నుల బొగ్గుతో మూడున్నర కిలోమీటర్ల పొడవున సాగిన బండి అది. దానిని నడిపించిన కార్మికుల నైపుణ్యం అభినందనీయం. అయితే అట్టి బండి అవసరం ఎందుకు కలిగినదో కోనిలోను, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలోను ఉన్న ప్రతి కుటుంబం ఆలోచించవలసియున్నది.

ఆ ఏటి వేసవిలో విద్యుత్ కేంద్రాలలో బొగ్గు నిల్వలు బాగా తగ్గిపోయినవి. బొగ్గు బండ్లకు దారి ఇచ్చుటకు ఛత్తీస్‌గఢ్‌లో అనేక ప్రయాణికుల బండ్లను రద్దు చేసినారు.

నేటి ప్రపంచ వాణిజ్యపు తీరే ఇది. గిడ్డంగిలో ఉన్న సరకును పెట్టుబడిదారుడు పనిచేయని ధనంగా భావించుచున్నాడు. అందుచేత నిల్వ తగ్గించి, అవసరమైన గడియకే సరకు రప్పించుకొనుచున్నాడు. 2021 మార్చిలో ‘ఎవర్ గివెన్’ నౌక సూయజ్ కాలువలో ఆరు రోజులు చిక్కుకొనగా వందలాది నౌకలు నిలిచిపోయినవి. ఈ గొలుసు ఎంత బిగువుగా ఉన్నదో నాడు లోకమంతా చూచినది.

గిడ్డంగిలో తగ్గిన నిల్వ బరువు నేడు బండి చక్రాల మీదికి, అక్కడి నుండి మన భుజాల మీదికి వచ్చినది. ఆలస్యాన్ని తట్టుకొను వెసులుబాటు గోదాములో లేనప్పుడు యాజమాన్యం దానిని కార్మికుని విశ్రాంతిలో వెదకును. ఐదు బండ్లు ఒకటైనను 295 వ్యాగన్ల బ్రేకులు పరీక్షించక తప్పదు. మార్గమధ్యంలో కప్లింగు తెగినచో సిబ్బంది పట్టాల వెంట నడువవలసిన దూరం మాత్రం పెరుగును.

తపాలా సోదరుల స్థితి వేరు కాదు. 2022లో రైల్వే, తపాలా శాఖలు సంయుక్త పార్సెల్ సేవను ప్రారంభించినవి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైనది. పల్లెలో పార్సెల్‌ను గడపకు చేర్చు గ్రామీణ డాక్ సేవకునికి నేటికీ శాశ్వతోద్యోగి హోదా లేదు.

మనం ఆధునికీకరణకు వ్యతిరేకులం కాము. రైలు మీద సరకు పెరుగుట దేశానికి మేలు. కాని 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె చేసి పది గంటల పని సూత్రాన్ని అంగీకరింపజేసినది బండ్లను ఆపివేయుటకు కాదు, క్షేమంగా నడుపుటకే. 2025 నవంబరు 4న బిలాస్‌పూర్ సమీపంలో మెము బండి గూడ్సు బండిని ఢీకొన్న దుర్ఘటనలో మరణించినవారిలో లోకో పైలట్ కూడా ఉన్నారు. భద్రత కాగితం మీది మాట కారాదు.

కనుక మన కోర్కెలు స్పష్టం. కొత్త బండిగాని, కొత్త సేవగాని ప్రారంభించుటకు ముందే దానికి కావలసిన సిబ్బంది సంఖ్యను, విశ్రాంతి వేళలను ప్రకటించవలెను. ఖాళీలను భర్తీ చేయవలెను. రైలు దిగిన పార్సెలే తపాలా సంచిలోనికి చేరుచున్నది గనుక ప్రతి డివిజన్‌లోను ఉభయ సంఘాలు కలిసి కూర్చొని ఈ లెక్కలు అడుగవలెను.

వేగానికి మనం సిద్ధం. దాని మూల్యం మన విశ్రాంతి కారాదు.

— ఒక సంఘ బాధ్యుడు, కోని (బిలాస్‌పూర్)