మన పెరటితోట: గులాబీకి నల్లమచ్చ

వానలు మొదలైన కొద్ది రోజులకే మన క్వార్టర్లలోని గులాబీల ఆకులపై నల్లమచ్చలు పడి, ఆకులు పసుపుబారి రాలిపోవటం అందరమూ చూస్తున్నదే. ఎరువు చాలలేదేమోనని మరికొంత వేస్తాము. నేనూ అదే చేశాను. రెండు వర్షాకాలాల్లో ఎనిమిది మొక్కలలో ఐదు పోయాయి.

ఇది పోషక లోపం కాదు. డిప్లోకార్పన్ రోజే అనే శిలీంధ్రం వలన వచ్చే తెగులు. మచ్చ ఆకు పైభాగాన గుండ్రంగా ఉండి, దాని అంచు కుచ్చులా చెదిరి కనిపిస్తుంది. కింది ఆకులతో మొదలై పైకి పాకుతుంది. ఆకులు పదేపదే రాలిన మొక్క క్రమంగా నీరసిస్తుంది.

ఆకుపై తడి సుమారు 7 గంటలు నిలిస్తే శిలీంధ్రం లోనికి చొరబడుతుంది. డ్యూటీ నుండి వచ్చి సాయంత్రం మొక్కను నిలువునా తడిపితే ఆ తడి రాత్రంతా ఆరదు. కనుక ఉదయమే, మొదలు దగ్గర మాత్రమే నీరు పోయాలి. మొక్కల నడుమ గాలి ఆడాలి. రాలిన ఆకులను ఏరి దూరంగా పూడ్చాలి. మచ్చలున్న కొమ్మలను కత్తిరించాలి. తప్పనిసరైతే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, చేతులకు తొడుగులు ధరించి పిచికారీ చేయవచ్చు. మందు కొత్త ఆకును కాపాడుతుందే గాని, మచ్చపడిన ఆకును బాగుచేయదు.

యంత్రం ఆగాక మరమ్మతు చేయటం కంటే ఆగకుండా చూసుకోవటమే మేలని కర్మాగారంలో నిత్యం చెప్పే నేను, పెరట్లో ఆ మాట మరచాను. ఈ ఏడాది మిగిలిన మూడింటికీ నీరు పోసే వేళ మార్చి, రాలిన ఆకులను ఏరివేశాను. మందు డబ్బా మూత తీయవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.