నీడను ఖాళీగా వదలొద్దు

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో ఈ పత్రిక చదివే అందరికీ తెలుసు. మంచాలు విప్పుతారు, గిన్నెలు గోనెసంచుల్లో కడతారు, పుస్తకాలు అట్టపెట్టెల్లోకి వెళ్తాయి. లారీలో అన్నిటికీ చోటుంటుంది, పెరట్లో నాటిన మొక్కకు తప్ప. రెండుసార్లు ఇలా జరిగాక "ఎలాగూ వెళ్లిపోతాం, నాటడం ఎందుకు?" అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించేది. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మేము బిలాస్‌పూర్‌లో ఉంటున్న తెలుగు పిల్లలం. కొందరం తెలిపారాలో అద్దె ఇళ్లలో, కొందరం రైల్వే కాలనీ క్వార్టర్లలో ఉంటాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువాళ్లు ఉద్యోగాల కోసం ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. అలా వచ్చి వెళ్లినవాళ్లలో ఎవరో మామిడి, వేప, మునగ చెట్లు నాటారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు, కాయలు మాత్రం మనం తింటున్నాం. ఇంతకీ ఆ చెట్ల కింద ఏముంది? ఊడ్చిన మట్టి, కుప్పపోసి తగలబెట్టిన ఆకుల బూడిద.

నీడలో ఏమీ పండదని మనం అనుకుంటాం. కోనసీమ రైతులు అలా అనుకోరు. కొబ్బరి తోటలో కిందే అరటి, కంద, పసుపు, కోకో పండిస్తారు. అరకు, పాడేరు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పెరుగుతుంది, ఆ చెట్ల మొదళ్లను పట్టుకుని మిరియాల తీగ పైకి పాకుతుంది. ఒకే నేల, మూడు అంతస్తుల పంట. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్లతో కలిపి చేసే ఈ సేద్యం కోసం మన దేశం 2014లోనే జాతీయ విధానం తెచ్చింది.

ఇది ఛత్తీస్‌గఢ్‌కు కొత్తేమీ కాదు. ఇంటి పక్క కూరగాయల తోటను ఇక్కడ 'బాడీ' అంటారు. మన గోదావరి జిల్లాల్లో పెళ్లి భోజనానికి కంద బచ్చలి ఎలాగో, ఇక్కడి ఇళ్లలో దీపావళికి జిమీకంద్ కూర అలాగ. రెండూ ఒకే దుంప. దురద పోవడానికి అక్కడా ఇక్కడా పులుపే వేస్తారు. కొవ్వూరు నుంచి వచ్చిన 'గజేంద్ర' అనే కంద రకం ఇవాళ ఎన్నో రాష్ట్రాల్లో పండుతోంది. అది కూడా మనలాగే ఊళ్లు మారిందన్నమాట.

పసుపు, అల్లం, కంద కొమ్మల సందుల్లోంచి పడే వెలుతురుతోనే బతకగలవు. పసుపు ఆకు వెడల్పుగా ఉండేది ఆ కాస్త వెలుతురును పట్టుకోవడానికే. అయితే టమాటా, వంకాయ, మిరప చెట్టు కింద పెడితే కాపు రాదు, వాటికి నేరుగా ఎండ కావాలి. అసలు ఎండ పొడే పడని చిక్కటి నీడలో పసుపు కూడా సరిగా ఊరదు.

మాకు అన్నిటికంటే నచ్చింది ఈ పంటల కాలం. వానలు మొదలై బడి తెరిచే జూన్‌లో కొమ్ము నాటితే, వార్షిక పరీక్షలకు ముందు ఫిబ్రవరిలో పసుపు తవ్వుకోవచ్చు. జూలైలో వన మహోత్సవానికి మనం నాటే మొక్కల్లో చాలావరకు వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిపోతాయి. పసుపుకు ఆ బాధ లేదు, ఏప్రిల్, మే వచ్చేసరికి పంట ఇంట్లో ఉంటుంది. చెట్లు నాటడం మానమని కాదు. చెట్టుకు పదేళ్లు కావాలి, మన చేతిలో ఉన్నది మూడేళ్లే. ఆ మూడేళ్లలో మూడు పంటలు తీయొచ్చు.

"మధ్యలో బదిలీ అయితే?" అని అడగొచ్చు. మాలో ఒకరికి వెనకటి ఊళ్లో అదే జరిగింది. అమ్మమ్మ ఇచ్చిన పసుపు కొమ్ములు నాటితే, అక్టోబరులోనే ఊరు మారాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో ఆ ఇంట్లో దిగినవాళ్లు పసుపు తవ్వి, ఫోనులో ఫొటో పంపారు. "విత్తనానికి కొన్ని దాచాం, చెల్లీ" అని కూడా చెప్పారు. ఆ ఫొటో చూసి ఇంట్లో ఎవరూ పంట పోయిందని అనలేదు.

"పాములు వస్తాయి" అని పెద్దలు భయపడతారు. ఆ భయం వట్టిది కాదు. గుమ్మానికి దూరంగా నాటాలి, కలుపు పెరగనివ్వకూడదు, ఆకుల కుప్పలో చెయ్యి పెట్టకూడదు, తవ్వేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

మా ప్రతిపాదన చిన్నది. ఈ జూన్‌లో మన విద్యాలయంలో ఒక్కో తరగతి ఒక్కో చెట్టును ఎంచుకోవాలి. వేళ్లు తెగకుండా మొదలుకు నాలుగడుగుల దూరం వదిలి, అడుగుకొకటి చొప్పున కొమ్ములు నాటాలి. నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది కాబట్టి మట్టిని కాస్త ఎత్తు చేయాలి. రాలిన ఆకులు తగలబెట్టకుండా పైన పరిస్తే తేమ నిలుస్తుంది, పొగా తగ్గుతుంది. తెలిపారాలో మాలాగా పెరడు లేనివాళ్లకు మట్టి నింపిన సిమెంటు సంచి చాలు.

ఫిబ్రవరిలో తవ్విన పంటలో నాలుగో వంతు విత్తనంగా ఉంచి, కింది తరగతికి అప్పగిద్దాం. అప్పటికి మాలో కొందరం ఇక్కడ ఉండకపోవచ్చు. మేము నాటిన కొమ్ముల పిలకలను వచ్చే జూన్‌లో మీరు నాటండి.