40 శాతంలో ఉర్దూ వాటా ఎంత?

ఒక విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు చెప్పిన పాఠాన్ని మరో విశ్వవిద్యాలయపు విద్యార్థి ఇంటినుండే విని, ఆ మార్కులను తన డిగ్రీలో కలుపుకోవచ్చునని పాలకులు ఘనంగా చాటుతున్నారు. కేంద్ర ప్రభుత్వం 2017లో ‘స్వయం’ వేదికను ప్రారంభించింది. ఒక సెమిస్టరు కోర్సులలో 40 శాతం వరకు ఆ వేదికపై పూర్తిచేయవచ్చునని 2021లో యు.జి.సి. నిబంధన తెచ్చింది. అంతకు ముందు ఆ పరిమితి 20 శాతమే. సంతోషం. అయితే ఈ పాఠాలు ఏ భాషలో ఉన్నాయి?

అత్యధికం ఇంగ్లీషులోనే. పదో తరగతీ ఇంటరూ ఉర్దూ మాధ్యమంలో చదివి డిగ్రీలో చేరిన పాతబస్తీ ఆడపిల్లకు ఆ 40 శాతం వల్ల ఒరిగేదేమిటి?

ఉర్దూలో పాఠాలు చెప్పగలవారు లేరనే సాకు హైదరాబాదులో చెల్లదు. దూరవిద్యతోనే పని మొదలుపెట్టిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998 నుండి ఇక్కడే ఉంది. దాని మాధ్యమ కేంద్రం ఉర్దూలో వీడియో పాఠాలు తయారుచేస్తోంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా 1982లో పుట్టిన అంబేద్కర్ విశ్వవిద్యాలయమూ ఇక్కడిదే. ఇక ఉస్మానియా 1918లో ఉర్దూనే బోధనా మాధ్యమంగా చేసుకొని పుట్టింది. దారుల్ తర్జుమా అనువదించిన గ్రంథాలతో అక్కడ వైద్యమూ ఇంజనీరింగూ సైతం ఉర్దూలో నేర్పారు. ఉన్నత విద్యకు ఉర్దూ చాలదనేవారు ఆ చరిత్రను ఒకసారి తిరగేయాలి.

మూడూ ఒకే నగరంలో ఉన్న సంస్థలు. ఒకరి పాఠాన్ని మరొకరు గుర్తిస్తే ఉర్దూ విద్యార్థి ఏ కళాశాలలో చేరినా తన భాషలో ఆసరా దొరుకుతుంది. కానీ యు.జి.సి. నిబంధన క్రెడిట్‌ను ‘స్వయం’తో ముడిపెట్టింది. ఆ వేదిక బయట ఎంత మంచి ఉర్దూ పాఠం ఉన్నా ఈ నిబంధన కింద అది లెక్కలోకి రాదు.

ఆన్‌లైన్ వచ్చింది గనుక అన్నీ చక్కబడతాయని మురిసిపోనూ అక్కరలేదు. 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతమే. పాఠాలు తెరమీదికి చేరిన 2020-21లో ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థుల సంఖ్య దాదాపు 21 లక్షల నుండి 19.2 లక్షలకు పడిపోయింది. కరోనా దెబ్బ ఆ ఏడాది అందరికీ తగిలింది, నిజమే. మనవాళ్లు తరగతి గదులకు తిరిగి వచ్చారా లేదా అని ఆరా తీసే బాధ్యత ఎవరిది?

మనలో కొందరికీ ఒక మాట చెప్పాలి. ‘ఇంట్లోనే చదువుకోవచ్చు కదా’ అంటూ అమ్మాయిని కళాశాల మాన్పించడానికి ఫోను పాఠాన్ని సాకు చేసుకోవడం అన్యాయం. ప్రయోగశాలా, గ్రంథాలయమూ, తోటి విద్యార్థినుల సాంగత్యమూ ఫోనులో దొరకవు. కళాశాల గడప తొక్కే వీలే లేని పిల్లకు అది ఆధారం కావాలి. వెళ్లగలిగిన పిల్లను ఆపే గొలుసు కాకూడదు.

మూడు విశ్వవిద్యాలయాల ఉపకులపతులకూ విద్యార్థి సంఘాలూ తల్లిదండ్రులూ కలిసి విజ్ఞాపనలు ఇవ్వాలి. ఉర్దూ విశ్వవిద్యాలయం తన డిగ్రీ పాఠాలను ‘స్వయం’లోకి చేర్చాలనీ, మిగిలిన రెండూ వాటి క్రెడిట్లను అంగీకరించాలనీ, పరీక్షాకేంద్రాలు పాతబస్తీలోనూ జిల్లాల్లోనూ ఉండాలనీ అందులో స్పష్టంగా రాయాలి. మొదటి విడతగా బి.కాం. అకౌంటింగు, బి.ఎస్సీ. గణితం అడుగుదాం.