ముందొచ్చిన ఎండ – గీత కార్మికుని బతుకు

ఫిబ్రవరిలోనే ఎండలు దంచుతున్నాయి. 2025 ఫిబ్రవరి సగటు వేడి 1901 తర్వాత దేశంలో అన్నిటికన్నా ఎక్కువని వాతావరణ శాఖే చెప్పింది. రాత్రి చల్లగా ఉంటేనే లొట్టిలో నీరా తియ్యగా నిలుస్తుంది; ఉక్కపోస్తే తెల్లారేసరికి పులిసి కల్లవుతుంది. కల్లుగా అమ్ముకోవచ్చుగదా అంటారు పెద్దమనుషులు. మధ్యాహ్నానికి అదీ పుల్లబడితే అడిగేదెవడు?

2023 మేలో నెక్లెస్ రోడ్డున నీరా కేఫ్ తెరిచారు, సంతోషమే. మోకుతో చెట్టెక్కేవాడికి ఐసు పెట్టె అందిందా అని అడుగుతున్నాం. పుప్పాలగూడ వైపు మేడలు లేచాయి, తాళ్లకు, ఈదులకు జాగా ఏదీ? మిగిలినవాటిని నరకనీయకుండా గీత కార్మికులు నిలబడాలి. కూలీ సంఘాలూ వాళ్ల వెంట నడవాలి. ఐసు పెట్టెల ఖర్చు సర్కారే భరించాలి.