అడవి అంచు కదిలితే జ్వరమూ కదులుతుంది.. అనకాపల్లి కొండ గ్రామాలకు పొంచి ఉన్న ముప్పు ఇదే!

అనకాపల్లి: తొలకరి పడిందంటే చాలు.. మన్యంలో మలేరియా మాట వినిపిస్తుంది. ఇది పాడేరు, చింతపల్లి సమస్య అని చాలామంది అనుకుంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక ఈ భావన ఇంకా బలపడింది. ఏజెన్సీ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అనకాపల్లి అంటే ఇప్పుడు బెల్లం మార్కెట్, చెరకు తోటలు, పరవాడ ఫార్మా కంపెనీలు. కానీ గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం, మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి మండలాలు తూర్పు కనుమలను ఆనుకునే ఉన్నాయి. మ్యాప్‌లో జిల్లా గీత మారింది. కొండ మారలేదు. ఆ గీత దోమకు అసలే తెలియదు.

మరి ఈ కొండల్లో అడవి పలచబడితే జ్వరాల పరిస్థితి ఏమవుతుంది? జవాబు అందరూ అనుకున్నంత సూటిగా లేదు.

నీడ పోతే దోమ మారుతుంది

మలేరియాను మోసే అనాఫిలిస్ దోమల్లో చాలా రకాలున్నాయి. తూర్పు కనుమల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఫ్లూవియాటిలిస్. కొండ గెడ్డల్లో, మెల్లగా పారే నీటి అంచుల్లో గుడ్లు పెడుతుంది. అడవిలో ఉండే దీని ఉపజాతి ఒకటి మనిషి రక్తానికే ఎక్కువగా అలవాటు పడింది. అందుకే ఇది తక్కువ సంఖ్యలో ఉన్నా ఊరంతా మంచం పడుతుంది. రెండోది క్యూలిసిఫేసిస్. దీనికి ఎండ తగిలే నీరు కావాలి. పొలం మడులు, కాలువలు, రోడ్డు కోసం మట్టి తవ్విన గుంతలు.. ఎక్కడైనా పెరుగుతుంది. పశువులను ఎక్కువగా కుడుతుంది, మనిషినీ వదలదు.

అడవి నరికితే నీడ పోతుంది. గెడ్డ మీద ఎండ పడుతుంది. చదును చేసిన నేలలో నీరు నిలుస్తుంది. అప్పుడు మొదటి దోమ తగ్గి రెండోది పెరుగుతుంది. పక్కనున్న ఒడిశా కొండ జిల్లాల్లో జరిగిన పరిశీలనల్లో ఈ మార్పే కనిపించింది. అంటే చెట్లు పోయిన ప్రతిచోటా మలేరియా పెరుగుతుందని చెప్పలేం. కొన్నిచోట్ల తగ్గొచ్చు కూడా. అయితే ఆ దశకు చేరేలోపు, సగం అడవి సగం పొలంగా ఉండే కాలం ఒకటుంది. ప్రమాదమంతా అక్కడే. రెండు రకాల దోమలూ ఉంటాయి, మనుషులూ ఉంటారు.

అమెజాన్ అడవుల్లో ఈ అంచు ఎంత ప్రమాదకరమో స్పష్టంగా తేలింది. పెరూలో కొత్తగా వేసిన రోడ్డు వెంబడి పరిశోధకులు దోమకాట్లు లెక్కించారు. దట్టమైన అడవి ఉన్నచోటుతో పోలిస్తే, నరికిన చోట అక్కడి మలేరియా దోమ కాట్లు 278 రెట్లకు పైగా ఉన్నట్లు 2006లో ప్రకటించారు. అక్కడి దోమ వేరు, ఇక్కడి దోమ వేరు. ఆ లెక్కను తెచ్చి మన్యానికి అంటగట్టలేం. కానీ రోడ్డు, నరికివేత, నిలవ నీరు, కొత్తగా వచ్చిన మనుషులు.. ఈ నాలుగూ కలిస్తే ఏం జరుగుతుందో అర్థం చేసుకోవచ్చు.

అనకాపల్లిలో అంచు ఎక్కడుంది?

ఇక్కడ అడవి ఒక్కసారిగా మాయం కాలేదు. ముక్కలు ముక్కలుగా విడిపోతోంది. కొండవాలుల్లో జీడిమామిడి తోటలు విస్తరించాయి. నాతవరం మండలంలో లేటరైట్ తవ్వకాలు ఏళ్లుగా వివాదంలో ఉన్నాయి. రావికమతం మండలం కల్యాణపులోవ రిజర్వాయర్ దగ్గర గ్రానైట్ క్వారీల మీదా ఆందోళనలు జరిగాయి. క్వారీ ఆగిపోయినా గుంత మిగులుతుంది. వాన కురిస్తే అది చిన్న చెరువే.

నేరమంతా పోడు రైతు మీద వేయడం తేలిక. కానీ పాత పద్ధతిలో పోడు కొట్టిన భూమిని కొన్నేళ్లు వదిలేసేవారు, అడవి తిరిగి మొలిచేది. భూమి చాలక ఆ విరామం తగ్గిపోయింది. పైగా పంట కాపలాకు, జీడి తోట కాపలాకు రాత్రిళ్లు పాకలోనో మంచె మీదో పడుకునేది ఆ రైతే. ఇంటికి ఇచ్చిన దోమతెర అక్కడికి రాదు. ఇంటి గోడలకు కొట్టిన మందు అక్కడ పనిచేయదు.

మలేరియా ఒక్కటే కాదు

అడవి కొట్టేసిన చోట ముందు మొలిచేది తుప్పలు, పొదలు. ఎలుకలు చేరేదీ అక్కడే. నల్లిని పోలిన అతి చిన్న పురుగు పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. ఒంటి మీద నల్లటి మచ్చ, విడవని జ్వరం దీని గుర్తులు. మచ్చ అందరిలోనూ కనిపించదు. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి చవకైన మందుతోనే తగ్గుతుంది. ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది.

కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో 1957లో కోతులు వరుసగా చనిపోయాయి. ఆ తర్వాత మనుషులకూ జ్వరాలు వచ్చాయి. అదే క్యాసనూర్ అటవీ వ్యాధి. పిడుదుల ద్వారా సోకే ఈ వ్యాధి బారిన పడేది ఎక్కువగా పశువులు మేపుకునేవారు, కట్టెలు ఏరుకునేవారు. అక్కడా కథ అడవి అంచుదే.

అసలు లోపం ఎక్కడ?

కొండ మీది ఏజెన్సీకి ఐటీడీఏ ఉంది, మలేరియా సీజన్‌కు ప్రత్యేక ప్రణాళిక ఉంది. కొండ కింద అనకాపల్లి జిల్లాలో ఉన్న చాలా గిరిజన గ్రామాలు మాత్రం నాన్ షెడ్యూల్డ్. వీటిని ఐదో షెడ్యూల్‌లో చేర్చాలన్న డిమాండ్ ఎన్నాళ్లుగానో ఉంది. రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగులను ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్న వార్తలు వస్తూనే ఉన్నాయి. ఫాల్సిపారం మలేరియాలో ఒకట్రెండు రోజుల ఆలస్యమే ప్రాణాంతకం కావొచ్చు. కాబట్టి ఇక్కడ అడవి సమస్య, రోడ్డు సమస్య, జ్వరం సమస్య వేర్వేరు కాదు.

మలేరియా భారం అత్యధికంగా ఉన్న దేశాల జాబితా నుంచి భారత్ 2024లో బయటపడింది. 2027 నాటికి స్థానికంగా ఒక్క కేసూ రాకూడదన్నది కేంద్రం లక్ష్యం. కేసులు తగ్గేకొద్దీ చివరికి మిగిలేవి ఇలాంటి అంచు గ్రామాలే. అక్కడ చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. క్వారీకి అనుమతిచ్చేటప్పుడే గుంతలు పూడ్చే బాధ్యత తేల్చాలి. కాపలా పాకలకూ దోమతెరలు ఇవ్వాలి. జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త దగ్గర రక్త పరీక్ష జరగాలి. మలేరియా కాదని తేలితే స్క్రబ్ టైఫస్ అనుమానించాలి. రెండు జిల్లాల మలేరియా సిబ్బంది కేసుల వివరాలు ఎప్పటికప్పుడు పంచుకోవాలి.

మలేరియా దోమ వల్లే వస్తుందని తేలడానికి దారి వేసిన పరిశోధన జరిగింది తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశారు. అది జరిగి 125 ఏళ్లు దాటింది. దోమ గురించి తెలియనిది పెద్దగా లేదు. అడవి ఎక్కడ తెగుతోందో ఒక శాఖకు తెలుసు, జ్వరం ఎక్కడ వస్తోందో ఇంకో శాఖకు తెలుసు. ఆ రెండు లెక్కలూ ఒకే టేబుల్ మీదకు ఎప్పుడు వస్తాయన్నదే ఇప్పుడు ప్రశ్న.