‘నా వల్ల కాదు’ అనే హక్కు

అమెరికా కాలేజీల్లో ఫుట్‌బాల్ ఆడే మగపిల్లలకు ఇచ్చే శిక్షణ గురించి స్త్రీల పత్రికలో రాయడమెందుకని మా సంఘంలోనే కొందరు మిత్రులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మన సమస్యలు మనకు చాలవా? ఎక్కడో డబ్బున్న దేశంలో, కండలు తిరిగిన కుర్రాళ్ల కష్టాలు మనకెందుకు? నా జవాబు ఒక్కటే. ఒక మనిషి “ఇక నా వల్ల కాదు” అంటే ఆ మాట వినకపోవడాన్ని శిక్షణ అనీ, ఆ మాట అనకుండా కుప్పకూలడాన్ని మగతనం అనీ పిలిచే చోట స్త్రీలకు చాలా పని వుంది. “వద్దు” అన్న మాటకు విలువ కోసం ఇన్నేళ్లుగా కొట్లాడుతున్నది మనమే కదా!

ముందుగా ఆ ఆట సంగతి. మనం ఫుట్‌బాల్ అనేది వేరు, అక్కడ ఫుట్‌బాల్ అనేది వేరు. కోలగా వుండే బంతిని చేత్తో పట్టుకుని, తలకు హెల్మెట్, భుజాలకు కవచాలు వేసుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ ముందుకు తోసుకుపోయే ఆట. అక్కడి విశ్వవిద్యాలయాలకు అది కోట్ల డాలర్ల వ్యాపారం. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం నుంచి అందరికంటే ఎక్కువ జీతం తీసుకునేది గవర్నరు కాదు, విశ్వవిద్యాలయపు కోచ్. ఆ జట్లలో నల్లజాతి విద్యార్థుల సంఖ్య ఎక్కువ. ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో, ఎవరి స్కాలర్‌షిప్ నిలవాలో కోచ్ మాట మీద ఆధారపడి వుంటుంది. అలాంటి చోట పద్ధెనిమిదేళ్ల కుర్రాడు ‘చాలు’ అనగలడా?

ఇంత పెద్ద ఆట కాబట్టి పిల్లలు మైదానంలో గుద్దుకుని చనిపోతారేమో అనుకుంటాం. లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. 2000 నుంచి 2016 వరకు అక్కడి జాతీయ కాలేజీ క్రీడా సంఘం పరిధిలోని ఫుట్‌బాల్ ఆటగాళ్లు 33 మంది చనిపోతే, దెబ్బలు తగిలి పోయినవాళ్లు 6 గురు. మిగిలిన 27 మంది ప్రత్యర్థి ఢీకొంటే పోలేదు. వడదెబ్బ, గుండె ఆగిపోవడం, సికిల్ సెల్ లక్షణం వున్న శరీరం శ్రమకు తట్టుకోలేకపోవడం వంటి కారణాలతో పోయారు. ఆటకంటే ఆటకు తయారు చేసే పద్ధతే ఎక్కువ ప్రాణాలు తీసిందన్నమాట!

ఆ పద్ధతికి పెట్టిన ముద్దు పేరు ‘సైనిక శిక్షణ’. తెల్లవారకముందే లేపడం, దుంగలు మోయించడం, ఒకరినొకరు భుజాన వేసుకుని పరిగెత్తించడం, ఒకడు తప్పు చేస్తే జట్టంతటినీ శిక్షించడం. ఇందుకోసం మాజీ సైనికులు నడిపే సంస్థలే వున్నాయి. దీనికి పాత చరిత్ర కూడా వుంది. 1954లో టెక్సాస్ ఎ అండ్ ఎం కాలేజీ కోచ్ బేర్ బ్రయంట్ తన జట్టును జంక్షన్ అనే చిన్న ఊరికి తీసుకుపోయి, మండుటెండలో నీళ్లివ్వకుండా పది రోజులు సాధన చేయించాడు. వెళ్లినవాళ్లలో సగానికి పైగా వదిలేసి పోయారు. ఒక కుర్రాడు వడదెబ్బతో చావు అంచుదాకా వెళ్లాడు. ఆ ఏడు ఆ జట్టు ఆడిన పది ఆటల్లో గెలిచింది ఒక్కటి! అయినా ఆ శిబిరం మీద పుస్తకం వచ్చింది, సినిమా వచ్చింది. రెండేళ్ల తర్వాత వాళ్లు తమ ప్రాంతంలో విజేతలయ్యారు కనుక ఆ ఎండే వాళ్లను వీరులను చేసిందన్నారు. పారిపోయిన వాళ్లను పిరికివాళ్లన్నారు. నా దృష్టిలో ఆ శిబిరంలో బుద్ధిగా ఆలోచించింది వాళ్లే.

ఇదంతా పాతకాలపు మాట అనుకోవద్దు. 2011 జనవరిలో అయోవా విశ్వవిద్యాలయంలో బరువులు భుజాన వేసి 100 సార్లు కూర్చోబెట్టి లేపారు. 13 మంది ఆసుపత్రి పాలయ్యారు. అతి శ్రమతో కండరాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే జబ్బు అది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. ఆ శిక్షణ నడిపిన కోచ్‌కు ఏం జరిగింది? అదే ఏడాది జట్టు ప్రధాన కోచ్ అతన్ని ఉత్తమ సహాయ కోచ్‌గా సత్కరించాడు! 2020లో నల్లజాతి ఆటగాళ్లు అతను తమతో ప్రవర్తించిన తీరు గురించి బయటికొచ్చి మాట్లాడాక గానీ అతను ఉద్యోగం వదలలేదు. అప్పుడు కూడా 11 లక్షల డాలర్లు చేతిలో పెట్టి పంపారు. 2014లో బర్క్‌లీలో 21 ఏళ్ల విద్యార్థి తాడు పట్టుకుని కొండ ఎక్కే పరుగులో పడిపోయి చనిపోయాడు. అతనికి సికిల్ సెల్ లక్షణం వుంది. మన ఏజెన్సీ గ్రామాల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు ఆ మాట కొత్త కాదు.

2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 19 ఏళ్ల జోర్డాన్ మెక్‌నేర్‌ను మిగతావాళ్లతో పాటు నూటపది గజాల చొప్పున పదిసార్లు పరిగెత్తించారు. అతను తూలిపోతున్నా పరుగు ఆపించలేదు. వడదెబ్బ తగిలిన మనిషిని వెంటనే చల్లటి నీళ్లతొట్టిలో ముంచాలి. అది చేస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. ఆ పని ఎవరూ చేయలేదు. లక్షణాలు కనిపించిన గంట దాటాక గానీ అంబులెన్సు కదల్లేదు. జూన్ 13న అతను చనిపోయాడు. నైతికంగా, చట్టపరంగా బాధ్యత మాదేనని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఆగస్టులో ఒప్పుకున్నాడు. జట్టులో బెదిరింపులు, అవమానాలు సాగాయనీ, నోరెత్తడానికి ఆటగాళ్లు భయపడ్డారనీ విచారణ సంఘం తేల్చింది. అంత జరిగాక కూడా అక్టోబరు 30న ప్రధాన కోచ్‌ను తిరిగి పనిలోకి తీసుకున్నారు! విద్యార్థులు, జనం మండిపడితే మర్నాడు తీసేశారు.

ఇప్పుడు నన్నొక ప్రశ్న వేయనివ్వండి. వీళ్లు అనుకరిస్తున్నామంటున్న సైన్యం ఏం చేసింది? 1956 ఏప్రిల్ 8 రాత్రి పారిస్ ఐలాండ్ శిబిరంలో ఒక డ్రిల్ శిక్షకుడు కొత్తవాళ్లకు బుద్ధి చెప్పాలని వాగులోకి నడిపించాడు. ఆరుగురు మునిగిపోయారు. అతన్ని సైనిక కోర్టులో నిలబెట్టారు, శిక్షణ నియమాలు మార్చారు. ఎండ, వేడి, తేమ కలిపి కొలిచే సూచికను 1950ల్లో అదే శిబిరంలో అమలు చేశారు. నల్లజెండా ఎగిరితే ఆరుబయట అనవసరమైన కఠిన శ్రమ ఆపేయాలి. నేను సైన్యాన్ని మెచ్చుకోవడం లేదు. యుద్ధాల గురించి, సైన్యాలు స్త్రీల మీద సాగించిన హింస గురించి ఈ పేజీల్లో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నేననేది ఏమిటంటే, కాలేజీలు సైన్యం నుంచి అరుపులు తెచ్చుకున్నాయి, జెండా తెచ్చుకోలేదు. శిక్ష తెచ్చుకున్నాయి, జవాబుదారీ తెచ్చుకోలేదు. సైనికుడికి కనీసం జీతం, వైద్యం, పింఛను వుంటాయి. ఈ కుర్రాళ్లను ఉద్యోగులని ఒప్పుకోవడానికే అక్కడి వ్యవస్థ ఇష్టపడదు. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చునన్నారు గానీ, పనిచోట భద్రత కోరే కార్మికుడి హోదా దాంతో రాలేదు.

“క్రమశిక్షణ లేకుండా ఆట వుంటుందా” అని అడుగుతారు. వుండదు. కబడ్డీ కోర్టులో, పరుగుపందెంలో చెమటోడ్చే అమ్మాయిలు మనకు తెలుసు. కష్టపెట్టడం వేరు, శిక్షించడం వేరు. శిక్షణ కొద్దికొద్దిగా పెరుగుతుంది, మధ్యలో విశ్రాంతి వుంటుంది, నీళ్లుంటాయి, ఆగమన్నప్పుడు ఆగుతుంది. శిక్షకు ఇవేవీ వుండవు. దాని గురి కండరం మీద కాదు, మనసు మీద. లొంగదీసుకోవడమే దాని పని.

ఆ లొంగదీసే భాష వినండి. వెనకబడిన కుర్రాణ్ణి డ్రిల్ మైదానంలో ‘ఆడపిల్ల’ అని తిట్టడం అక్కడ పాత అలవాటు. ఇక్కడ మనవాళ్లు ‘గాజులు తొడుక్కో’, ‘చీర కట్టుకో’ అంటారు. అలసట ఆడది, నొప్పి ఆడది, భయం ఆడది! తన ఒంటి నొప్పిని ఆడతనమని అసహ్యించుకోవడం నేర్చుకున్న కుర్రాడు రేపు ఇంట్లో భార్య నొప్పిని ఎలా చూస్తాడు? తన ‘వద్దు’కే విలువ లేదని నేర్చినవాడు ఇంకొకరి ‘వద్దు’ను ఎందుకు వింటాడు? ఇలాంటి శిక్షణ పొందిన ప్రతివాడూ హింసకు దిగుతాడని నేననడం లేదు. కానీ పితృస్వామ్యం మగపిల్లల ఒంటి మీద కూడా తన పాఠం రాస్తుందని మాత్రం అంటాను. ఆ పాఠానికి బలయ్యేది ముందు వాళ్లు, తర్వాత మనం.

ఇది అమెరికా గొడవ మాత్రమే అనుకునేవారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. 2024 సెప్టెంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా రంపచోడవరంలో ఒక గురుకులంలో అమ్మాయిల చేత శిక్షగా వందలకొద్దీ గుంజీలు తీయించారు. పదుల సంఖ్యలో పిల్లలు నడవలేక ఆసుపత్రిలో చేరారు. అయోవాలో భుజాన బరువుంది, ఇక్కడ లేదు. తేడా అంతే. అక్కడ మగతనం పేరుతో జరిగింది ఇక్కడ క్రమశిక్షణ పేరుతో ఆడపిల్లల మీద జరిగింది.

మెక్‌నేర్ తల్లిదండ్రులు కొడుకును పోగొట్టుకుని ఇంట్లో కూర్చోలేదు. 2021లో మేరీలాండ్ రాష్ట్రం అతని పేరు మీద చట్టం చేసింది. వడదెబ్బకు, తలకు తగిలే దెబ్బలకు, కండరాలు చితికే జబ్బుకు కాలేజీలు భద్రతా నియమాలు పెట్టుకోవాలని అది చెబుతుంది. వ్యాయామాన్ని శిక్షగా వాడకూడదని జాతీయ కాలేజీ క్రీడా సంఘం 2019లో సూచించింది. సూచన చాలదు. అది అన్ని రాష్ట్రాల్లోనూ చట్టం కావాలి, మీరినవాళ్లకు శిక్ష పడాలి. మైదానంలో వుండే వైద్యుడు కోచ్‌కు జవాబుదారీ కాకూడదు. ‘ఆగుతాను’ అన్న విద్యార్థికి జట్టులో చోటు పోకూడదు.

మనం చేయాల్సింది మన దగ్గరే వుంది. మీరు పనిచేసే ఊళ్లో హాస్టలుకు, గురుకులానికి, కాలేజీ మైదానానికి వెళ్లండి. పిల్లలకు వ్యాయామాన్ని శిక్షగా వేస్తున్నారా అని అడగండి. సికిల్ సెల్ పరీక్ష చేశారా, ఎండలో నీళ్లిస్తున్నారా, నెలసరి రోజుల్లో ఆగుతామంటే ఆగనిస్తున్నారా అని అడగండి. జవాబు వార్డెను దగ్గరా, పీఈటీ దగ్గరా కాదు, పిల్లల దగ్గర తీసుకోండి. ఆడపిల్లయినా మగపిల్లాడైనా ‘నా వల్ల కాదు’ అన్న మాట పలికితే వినే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి మనమే కావాలి.